బావ ఖాళీ చేసిన సీటు

శుక్రవారం మధ్యాహ్నం కువైట్‌లోని దజీజ్‌లో పిట్ట కూడా కనపడదు. మిగతా ఆరు రోజులూ ఆ గోడౌన్ల మధ్య ట్రైలర్ల హారన్లు, ఫోర్క్‌లిఫ్టుల గోల, నాలుగైదు భాషల్లో తిట్లు. శుక్రవారం పదకొండున్నర దాటిందా, షట్టర్లన్నీ దిగిపోతాయి. నమాజుకు పోయేవాళ్లు మసీదుకు పోతారు. మిగిలినవాళ్లు ఖైతాన్‌లోని తమ గదులకు పోయి, వారానికొక్కసారి వండుకునే కోడికూర చుట్టూ చేరతారు.

పెంచల్ డ్రైవరుగా పనిచేసే కోల్డ్ స్టోరేజీలో హిందువు అతనొక్కడే. అందుకని జుమ్మా నమాజు వేళ కాపలా ఎప్పుడూ అతనిదే. బంగ్లాదేశ్ హమాలీలూ, మేనేజరైన ఈజిప్టు ముదీరూ కాళ్లూ చేతులూ కడుక్కుని మసీదుకు బయల్దేరగానే, గేటు నీడలో కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చుంటాడు. నాలుగేళ్లుగా ఇదే తంతు. నిజం చెప్పాలంటే ఆ గంటంటే అతనికి ప్రాణం. 'యల్లా, యల్లా' అని వెనక నుంచి తరిమేవాడు లేని గంట వారం మొత్తం మీద అదొక్కటే.

ఆర్నెల్లుగా ఆ గంట కూడా చేదైపోయింది. ఫోన్ తెరిస్తే చాలు, బావ కనపడుతున్నాడు మరి!

బావంటే ఈశ్వరయ్య. పెంచల్ పెళ్లాం కళావతికి స్వయానా అన్న. రాజంపేట దగ్గర చిన్న ఊరు. ఆ ఈశ్వరయ్యను కువైట్‌కు పిలిపించి, పక్క గోడౌన్లో పనిలో పెట్టించిందెవరు? పెంచల్. ట్రైలరు వెనక్కి నడపడం నేర్పిందెవరు? పెంచల్. మొదటి నెల్లో ఈశ్వరయ్య రోజూ ఏడ్చేవాడు, 'బావా నా వల్ల కాదు, నన్ను ఇంటికి పంపించు' అని. అన్నం తినిపించి మరీ లారీ ఎక్కించాడు. అంత చేశాక ఏమైంది? కిందటి అక్టోబరులో రష్యా నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. యాకూటియా అనే చోట గనులకు సరుకు తోలే డ్రైవర్లు కావాలన్నాడు. ఖైతాన్ ఏజెంటు గంగరాజు బావాబామ్మర్దులిద్దర్నీ తీసుకుపోయి నిలబెట్టాడు. డ్రమ్ముల మధ్య ట్రైలరు వెనక్కి పెట్టమంటే పెంచల్ ఒక్క ఊపులో పెట్టాడు. ఈశ్వరయ్య మూడోసారికి గానీ పెట్టలేకపోయాడు, అది కూడా ఒక డ్రమ్ము గుద్ది.

కానీ మెడికల్లో పెంచల్‌కు బీపీ వచ్చింది. "ఆ చలికి నీ గుండె నిలబడదంటన్నా" అని గంగరాజు చల్లగా చెప్పి పోయాడు. సీటు ఈశ్వరయ్యకు దక్కింది.

ఇంక చూడండి పెంచల్ కడుపుమంట! మన దగ్గర పని నేర్చుకున్నవాడు మనకంటే మూడంతల జీతానికి పోతుంటే ఎయిర్‌పోర్టుకు పోయి చెయ్యూపి రావాలి. నవ్వుతూ ఊపాలి. ఊపాడు. గదికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

అక్కడితో పోయిందా? లేదు. వీడియోలు మొదలయ్యాయి. మైనస్ యాభై డిగ్రీల్లో రెప్పవెంట్రుకల మీద మంచు పేరుకున్న ఈశ్వరయ్య. సంతలో గడ్డకట్టి, కట్టెల్లా నిలబెట్టి అమ్మే చేపలు. రాత్రింబగళ్లు ఇంజను ఆపకుండా వరసగా నిలబెట్టిన లారీలు. ఆపితే డీజిలు గడ్డకట్టి మళ్లీ వేసవి దాకా కదలవట. ఆ దేశంలో ఎండాకాలం రోడ్డే ఉండదట. చుట్టూ బురదా, అడవీ. చలికాలం నది గడ్డ కడితే, ఆ నదే రోడ్డు. ఆ నాలుగైదు నెలల్లోనే గనులకు డీజిలు, పిండి, యంత్రాల సామాను అన్నీ చేరిపోవాలి. ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక్కో వీడియోకు యాభై మంది చేతులు జోడించేవాళ్లు. 'మనూరి పులి' అని ఒకడు, 'ఈశ్వరన్నా నువ్వు గ్రేటు' అని ఇంకొకడు.

కళావతి జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. వంటింట్లో గిన్నెలు తోముతూ మొగుడికి ఫోన్ చేసేది.

"మా అన్నను చూసినావా? అంత మంచులో గూడా ఎట్ల నవ్వతాండాడో! మిద్దె మొదులు పెట్టించినాడంట. వదిన చెప్పింది."

"చూసినాలే."

"ఏందట్లా అంటావు? నువ్వు నేర్పించినోడే గదా. సంతోషపడు."

పడు అంటే వస్తుందా సంతోషం? ఆ మాటకు పెంచల్‌కు ఇంకా మండేది. పెళ్లై పద్నాలుగేళ్లయింది, ఒక్కరోజైనా 'మా ఆయన చూడు' అని ఎవరితోనైనా అందా? ఎప్పుడు చూడు మా అన్న, మా అన్న. బావ ఫోటో కనపడితే పెంచల్ కళ్లు కుట్టేవి. పైకి మాత్రం అందరికంటే ముందు చేతులు జోడించే బొమ్మ పెట్టేవాడు.

అట్లాంటి సమయంలో, మొన్న మంగళవారం, ఈశ్వరయ్య వాయిస్ మెసేజీ వచ్చింది. అది పెంచల్ ఒక్కడికే.

"బావా, బాగుండావా? ఇన్నాళ్లూ నేను గట్టు మీద రోడ్డులో బొగ్గు తోలినా గదా. రేపట్నుంచి నది మీదికి మార్చినారు. ఒగడు పని యిడ్సిపెట్టి పోయినాడు, వాని లారీ నాకిచ్చినారు. ఎండలొస్తాండాయి, ఇవే ఆఖరు ట్రిప్పులంట. ఈడొక ముసిలి డ్రైవరుండాడు బావా. నది మీదికి దిగంగానే బెల్టు తీసేయమంటాడు, తలుపు రొంత తెరిచిపెట్టుకోని తోలమంటాడు. అన్నీ సైగలే, ఆయప్ప మాట నాకేం తెలుస్తాది? ఆ చలిలో తలుపు తెరుచుకోని ఎవుడన్నా తోల్తాడా? కొత్తోడని ఆట పట్టిస్తాండాడేమో. మళ్లా క్యాబిన్‌లో కెమెరా ఉంది. బెల్టు లేకుంటే ఫైను పడ్తాదేమోనని బయ్యం. నువ్వెట్ల చెప్తే అట్ల చేస్తా బావా."

ఈశ్వరయ్య అనుమానంలో తప్పేం లేదు. కువైట్‌లో కొత్త చట్టం వచ్చినప్పట్నుంచీ డ్రైవర్లకు బెల్టంటే హడల్. సిగ్నలు సిగ్నలుకూ కెమెరా. కక్కూసుకు పోయినా బెల్టు పెట్టుకుంటామేమో అని నవ్వుకునేవాళ్లు. ఇక కొత్తగా చేరినవాణ్ణి పాత డ్రైవర్లు ఆడించడం ఇక్కడ మామూలే. లేని స్పానరు తెమ్మని గోడౌనంతా తిప్పుతారు. ఈశ్వరయ్యను అలా తిప్పినవాళ్లలో పెంచల్ కూడా ఉన్నాడు.

పెంచల్ వెంటనే జవాబివ్వలేదు. ఆ రాత్రి మంచం మీద పడుకుని ఫోన్లో వెతికాడు. ఒక హిందీ వీడియో దొరికింది. గడ్డకట్టిన నది మీద లారీ తోలేవాళ్లు బెల్టు పెట్టుకోరు, తలుపు వేసుకోరు. మంచు పగిలితే లారీ మునగడానికి పట్టేది కొన్ని క్షణాలే. ఆ లోపల దూకెయ్యాలి. బెల్టు విప్పుతూ, తలుపు తోస్తూ కూర్చుంటే ఖలాస్.

అంటే పెంచల్‌కు తెలుసు. బాగా తెలుసు. తెలిసే, బుధవారం పొద్దున టీ తాగుతూ, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఇలా చెప్పాడు.

"బెల్టు తియ్యొద్దు బావా. తలుపు గట్టిగా మూసుకో. ఆ ముసిలోడు నిన్ను ఆట పట్టిస్తాండాడు. కెమెరాలో పడినావంటే ఇంటికి తోలేస్తారు, జాగర్త."

చావాలని కాదు. ఒట్టు, చావాలని కాదు. అక్కడి రూలు ఈశ్వరయ్య తప్పితే సూపర్‌వైజరు చూస్తాడు, తిడతాడు, రెండోసారి తిడతాడు, మూడోసారి టికెట్టిచ్చి వెనక్కి పంపుతాడు. మళ్లీ ఖైతాన్ గదిలో, పక్క మంచం మీద, తనలాగే లుంగీ కట్టుకుని కూర్చుంటాడు. పెంచల్‌కు కావాల్సింది అంతే. 'సరే బావా' అని జవాబొచ్చింది. పక్కన చేతులు జోడించిన బొమ్మ.

గురువారం ఏ మెసేజీ రాలేదు. శుక్రవారం పొద్దున కూడా రాలేదు.

*

పన్నెండు దాటింది. ఏప్రిల్ ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. దూరంగా మసీదు మైకులో ఖుత్బా ప్రసంగం వినిపిస్తోంది. పెంచల్ టీ గ్లాసు కింద పెట్టాడు.

లోపల బెల్లు మోగింది.

అది మామూలు బెల్లు కాదు. ఫ్రీజరు గదిలో ఎవరైనా చిక్కుకుపోతే నొక్కడానికి లోపలి గోడకు పెట్టిన ఎర్ర బటన్‌ది. నాలుగేళ్లలో అది మోగడం పెంచల్ ఒక్కసారి కూడా వినలేదు. ఉలిక్కిపడి లేచాడు. హమాలీలు ఎంతమంది? ఆరుగురు. మసీదుకు పోయింది? ఆరుగురే. తనే గేటు తీశాడు. ముదీరు కారు కూడా లేదు. అయినా బెల్లు ఆగడం లేదు. ఎవరో వేలు తియ్యకుండా నొక్కిపట్టినట్టే ఉంది.

పరుగున పోయాడు. ఫ్రీజరు తలుపు మీద చలి ఎంతుందో చూపించే ఎర్ర అంకెలుంటాయి. ఎప్పుడూ మైనస్ పద్దెనిమిది. ఇప్పుడు ఇరవై ఆరు. అతను చూస్తుండగానే ముప్పై ఒకటి. ఆ మిషను ఇరవై ఐదు దాటి చల్లబరచలేదు. ఆ సంగతి గోడౌన్లో అందరికీ తెలుసు. ముప్పై ఎనిమిది...

ఒంటరిగా లోపలికి పోకూడదని రూలు. కానీ లోపల మనిషుంటే? నమాజు అయ్యేదాకా బతుకుతాడా? మందపు జాకెట్టు తొడుక్కుని, తలుపు లాగాడు.

తెల్లటి పొగ ముఖాన కొట్టింది. ప్లాస్టిక్ పట్టీల తెర తోసుకుని లోపలికి అడుగు పెట్టాడు. తలుపు తనంతట తాను వెనక మూసుకుంది. బెల్లు టక్కున ఆగిపోయింది.

"కౌన్ హై?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. చికెన్ డబ్బాలు, చేపల డబ్బాలు, పరోటా డబ్బాలు. పైదాకా వరసలు. ట్యూబులైట్లు మసకగా వెలుగుతున్నాయి. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుంటున్నాయి. ఈ గదిలోకి రోజూ వచ్చిపోతాడు, ఈ చలి అది కాదు. ఇది పళ్లలోకి దిగుతోంది.

తర్వాత వాసన వచ్చింది. డీజిలు పొగ. ఫ్రీజరులో డీజిలు పొగెక్కడిది? ఫోర్క్‌లిఫ్టులు కూడా కరెంటువే. ఆ వాసన వెనకాలే శబ్దం. ఫ్యాన్ల చప్పుడనుకున్నాడు మొదట. కాదు. చివరి వరస వెనక ఒక పెద్ద ఇంజను నిలబడి ఆడుతోంది. డుగడుగడుగ... నిదానంగా. లోడుతో ఉన్న బండి. ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాడికి ఆ మాత్రం తెలియదా?

"ఎవరాడ?" ఈసారి తెలుగులో అడిగాడు. ఎందుకు తెలుగులో అడిగాడో అతనికే తెలియదు.

ఇంజను ఆగింది.

కాళ్లు వెనక్కి పోదామంటున్నాయి. అయినా ఒక్కో అడుగే ముందుకు వేశాడు. చివరి వరస దాటాడు. తల తిప్పి చూశాడు.

డబ్బాల మధ్య ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నిటారుగా. రెండు చేతులూ ముందుకు చాచి, లేని స్టీరింగ్‌ను పట్టుకుని. ఒంటి నిండా మంచు. భుజం నుంచి నడుం దాకా, అడ్డంగా ఒక్క నల్లటి పట్టీ... దాని మీద మాత్రం మంచు లేదు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. అంత చలిలో నీళ్లు కారుతున్నాయి. గడ్డ కట్టడం లేదు.

తల ఇటు తిరగలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"బావా..."

పెంచల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తలుపు మూసుకోనే ఉండా బావా. నువ్వు చెప్పినట్లే."

"బావా, నువ్వు... నువ్వాడ గదా..."

"బెల్టు గూడా తియ్యలే." గొంతులో కోపం లేదు. అదే భయం. మొదటి నెల్లో ట్రైలరెక్కేటప్పుడు ఉండే భయం. "నీళ్లు నడుం దాకా వచ్చినాయి బావా. ఇప్పుడు తీసుకోమంటావా?"

కింద, కాంక్రీటు నేల లోపల, ఎక్కడో లోతున... టప్‌మని ఏదో చిట్లింది. ఆ చిట్లిన శబ్దం గది ఈ చివర నుంచి ఆ చివరకు సాగుతూ పోయింది. పెంచల్ అరికాళ్ల కింద నేల కొంచెం కుంగింది. కుంగి, ఊగింది. కింద నీళ్లు పారుతున్న శబ్దం.

"చెప్పు బావా. తీసుకోమంటావా?"

పెంచల్ పరుగెత్తాడు. డబ్బాలు గుద్దుకుంటూ, జారుతూ, తలుపు మీద పడ్డాడు. లోపలి పిడి తోశాడు. కదల్లేదు. భుజంతో గుద్దాడు. కదల్లేదు. వెనక నుంచి అదే గొంతు, ఈసారి ఇంకొంచెం దగ్గరగా.

"రొమ్ము దాకా వచ్చినాయి..."

"తియ్యి!" పెంచల్ అరిచాడు. "తియ్యి బావా, బెల్టు తియ్యి! తలుపు తోసెయ్! దూకు! దూకు బావా! నేను అబద్ధం చెప్పినా... దూకు..."

మళ్లీ పిడిని తోశాడు.

తర్వాత, ఎవరో పెద్దగా నీళ్లు మింగిన చప్పుడు. ఒక్కసారే.

తలుపు బయట నుంచి తెరుచుకుంది. ఎండ, వేడి, ముదీరు ముఖం. వెనక ఆరుగురు హమాలీలు. పెంచల్ వాళ్ల కాళ్ల దగ్గర పడ్డాడు. "మజ్నూన్!" పిచ్చోడా, అని ముదీరు కేకలేశాడు. ఒంటరిగా లోపలికెందుకు పోయావని తిట్టాడు. తలుపు మీద అంకెలు మైనస్ పద్దెనిమిదే చూపిస్తున్నాయి. హమాలీలు లోపలంతా తిరిగి వచ్చి, ఎవరూ లేరని చెప్పారు. చివరి వరస దగ్గర నేల తడిగా ఉందనీ, ఏదో చేపల డబ్బా కారుతున్నట్టుందనీ అన్నారు.

*

కుర్చీ మీద ఫోన్ మోగుతూనే ఉంది. కళావతి. అప్పటికే పదకొండు మిస్డ్ కాల్స్.

"అన్న పోయినాడు..." అంది. ఆ తర్వాత చాలాసేపు ఏడుపే. వెనక ఇంటి యజమానురాలి గొంతు, ఏదో ఓదారుస్తూ. "నిన్న పొద్దునంట. నది పగిలిందంట. రెండు లారీలు మునిగిపొయ్యినాయంట. ముందర పొయ్యే ముసిలాయన దూకి బతికినాడంట. అన్న దూకలేదంట..."

పెంచల్ గోడకు చేరగిలబడ్డాడు.

"లారీని ఈ పొద్దు బయటికి లాగినారంట. బెల్టు పెట్టుకోని, తలుపు మూసుకోని, అట్లనే కూసోని ఉండాడంట. ఎందుకు పెట్టుకున్నాడు? పెట్టుకోవద్దని అందరికీ చెప్పినారంట గదా! నీకేమన్నా చెప్పినాడా? ఏదున్నా నిన్నే అడుగుతాడు గదా అన్న. నీకేమన్నా మెసేజీ పెట్టినాడా?"

"లేదు," అన్నాడు పెంచల్. "నాకేం పెట్టలే."

"ఒక్కటి గూడా?"

"లేదంటి గదా."

ఆమె పెట్టేశాక, ఫోన్లో బావ పేరు తెరిచాడు. మంగళవారం వాయిస్, బుధవారం తన జవాబు, కింద చేతులు జోడించిన బొమ్మ. ఒక్కొక్కటీ నొక్కి తుడిచేశాడు. ఈశ్వరయ్య ఫోన్ నీళ్లలో నాని పనికిరాకుండా పోయి ఉంటుంది. ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. కళావతికి ఎప్పటికీ తెలియదు. ఆ మాట లోపల పదిసార్లు అనుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు.

అప్పుడే గంగరాజు మెసేజీ వచ్చింది. 'అన్నా, రష్యాలో ఒక సీటు ఖాళీ అయింది. నీకు ఓకే అయింది. మంగళవారం ప్రయాణం.'

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పెంచల్‌కు సంతోషం వేసింది. దాచడం ఎందుకు? వేసింది. ఆర్నెల్లుగా ఏ సీటు కోసం కడుపు కాల్చుకున్నాడో అది వచ్చి ఒళ్లో పడింది. మరుక్షణం తన మీద తనకే అసహ్యమేసి, గంగరాజుకు ఫోన్ చేశాడు.

"నేను అప్లికేషను పెట్టలేదే గంగరాజూ? నాకు బీపీ ఉంది గదా?"

"నువ్వు పెట్టకుంటే ఎవరు పెడతారన్నా? ఇప్పుడే, పన్నెండున్నరకు వచ్చింది. అంతా నింపే ఉంది. మెడికలు గూడా ఫిట్ అని ఉంది. నీ ఫోటో గూడా పెట్టినావు గదా. పంపిస్తా, చూసుకో."

పన్నెండున్నరకు పెంచల్ ఫ్రీజరులో ఉన్నాడు. ఫోన్ బయట కుర్చీ మీద ఉంది.

ఫారం వచ్చింది. పేరు సరిగ్గా ఉంది. పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉంది. మూలన ఫోటో ఉంది. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. మందపు జాకెట్టు, రెప్పల మీద మంచు, సగం తెరిచిన నోరు. వెనక చికెన్ డబ్బాలు. డబ్బాల చివరి వరస దాటి, తల తిప్పి చూస్తున్న పెంచల్.

ఫోటో కింద నుంచి పైకి తీసి ఉంది. కూర్చున్న మనిషి, నిలబడిన మనిషిని తీసినట్టు.